మీరు కడాగా చదివిన పుస్తకం ఏది?



ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉంటే ఇప్పుడే చదవండి, లేకుంటే దాచి పెట్టుకుని రేపు చదవండి. తీరిక గురించే రాస్తా ఉన్నాము కాబట్టి ఏమీ అనుకోము. రాసేది మేమిద్దరం, ఆలుమగలం. హోసూరు వాళ్లం. చాలామందికి మేము ఎవరో తెలుసు.

పోయిన ఉగాది సభలో మేము మైకు పట్టుకుని మాట్లాడినాము, గుర్తుందా? ఇంట్లో తెలుగు మాట్లాడండి, పిల్లలకు తెలుగు చదివి వినిపించండి, సంఘం బీరువాలోని పుస్తకాలు తీసుకుపోండి అని చెప్పినాము. చప్పట్లు కూడా బాగానే కొట్టినారు. ఆ రాత్రి ఇంటికొచ్చి భోజనాల కాడ కూర్చున్నాక అయిదో తరగతి చదివే మా వాడు అడిగినాడు. "అమ్మా, నాయనా, మీరు కడాగా చదివిన పుస్తకం ఏది?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. జవాబు రాలేదు. మర్నాడు పోయి బీరువా రిజిస్టరు తిరగేసినాము. బీరువా తాళంచెవి ఉండేది మా దగ్గరే. అయినా ఆ రిజిస్టరులో మా పేరు ఒక్కసారి కూడా లేదు. వాడు తప్పు పట్టాలని అడగలేదు, ఊరికే అడిగినాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మేమిద్దరం హోసూరు సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం. అటకమీద మా తాతగారి ట్రంకు పెట్టె ఉంది. దాన్నిండా దారంతో కుట్టిన పాత చందమామలు. 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలైనప్పుడు తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి వచ్చింది. తమిళంలో దాని పేరు అంబులిమామ. మా వీధిలో రెండూ వచ్చేవి. తెలుగుది మా ఇంట్లో, తమిళంది పక్కింట్లో. రెండిళ్ల పిల్లలం బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లం. అంత చదివినవాళ్లం ఇప్పుడు నెలకొక పుస్తకం కూడా ఎందుకు చదవలేక పోతా ఉన్నాము?

సాకులు చాలానే ఉన్నాయి. మాలో ఒకరికి ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఇంకొకరు ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కొళాయిలో నీళ్లు వచ్చే రోజు నిద్ర కూడా ఉండదు. తొమ్మిదో తరగతి పాపకు ట్యూషను, వాడికి హోంవర్కు, అవ్వకు మాత్రలు. ఇంత పనిలో పుస్తకమా అనిపించేది. అయితే ఒక రాత్రి ఫోనులో ఎంతసేపు గడిపినామో దాంట్లోనే చూస్తే ఇద్దరిదీ కలిపి మూడు గంటలు దాటింది. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకోవడమే మంచిది.

సరే, మొదలు పెడదామని రోజుకు ఇరవై పేజీలని లెక్క పెట్టుకున్నాము. లావుపాటి నవల ఒకటి తెచ్చినాము. రాత్రి పదిన్నరకు పడుకుని తెరిస్తే రెండో పేజీకే పుస్తకం ముఖం మీద పడేది. నిన్న ఎక్కడ ఆపినామో గుర్తుండక మళ్లీ మొదటి నుంచి. ఇట్లా మొదటి అధ్యాయమే నాలుగుసార్లు చదివినాము. తెల్లారి లేచి చదవాలని చూస్తే షిఫ్టు మారిన వారమంతా కుదరలేదు. నెల తిరిగేసరికి ఆ నవలను చూస్తే అప్పు ఇచ్చినవాడిని చూసినట్టు ఉండేది. దాన్ని తీసుకుపోయి బీరువాలో పెట్టేసినాము.

మా కత మారింది చలికాలంలో, అనపకాయల కాలంలో. మన పక్క ఇళ్లలో పితికిపప్పు సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్లతో పితికి తోలు తీయాలి. ఒక పూట పులుసుకు ఇంటిల్లిపాదీ గంటసేపు కూర్చోవాలి. అట్లా కూర్చున్నప్పుడు అవ్వ అనింది. "చేతులకి పనుంది గాని చెవులకి లేదే. ఏదన్నా చదవండి, వింటాను."

అవ్వ బడికి పోలేదు. వేలిముద్రే. బీరువాలో నుంచి నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా' తెచ్చినాము. చిత్తూరు జిల్లా పల్లెలో పెరిగిన పిల్లోడి కతలు అవి. ఒకరం చదువుతా ఉంటే మిగతావాళ్లం పితుకుతా ఉన్నాము. రెండు పేజీలు కాకముందే అవ్వ చేయి ఆపేసింది. "ఇదంతా మన మాటే గదా! ఇట్లాంటి మాట పుస్తకంలో కూడా వేస్తారా?" అని నవ్వింది. నవ్వుతా నవ్వుతా కళ్లు తుడుచుకుంది.

మేము ఆ మాట దగ్గరే ఆగిపోయినాము. ఎందుకంటే మేమే ఇన్నాళ్లూ మా మాటకు సిగ్గుపడినాము. బంధువుల పెళ్లికని విజయవాడ పోతే "మీది అరవ తెలుగు" అని నవ్వుతారు. అందుకని పిల్లల దగ్గర టీవీ తెలుగు మాట్లాడేదానికి చూసినాము. అది వాళ్లకూ అతకలేదు, మాకూ అతకలేదు.

ఆ చలికాలమంతా చదువు సాగింది. నామిని తరువాత స.వెం. రమేశ్‌గారి 'ప్రళయకావేరి కథలు'. పులికాట్ సరస్సు పక్క తెలుగు అది. కొన్ని మాటలు మాకే తెలియలేదు, అవ్వే అర్థం చెప్పింది. పితికిపప్పు కాలం అయిపోయాక చింతపండు గింజలు తీసేటప్పుడు, బట్టలకు కాజాలు కుట్టేటప్పుడు చదువుకున్నాము.

అప్పుడు మాకు అర్థమయింది ఇంతే. మేము చదువును ఒక కర్తవ్యం చేసి పెట్టుకున్నాము, భాషను కాపాడాలి అని. ఆ బరువు మోసుకుని రాత్రి పదిన్నరకు ఎవరు చదవగలరు? నవ్వు కోసం, కత కోసం చదివితే టైము అదే దొరికింది. ఇప్పుడు నవల వద్దని కాదు గాని, మాకు చిన్న కత సరిపోతుంది. కంపెనీ బస్సులో ఒకటి, అన్నం ఉడికేలోపల సగం. నచ్చకపోతే మధ్యలో వదిలేస్తాము. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేదు.

మా పాప గురించి కూడా చెప్పాలి. 2006లో వచ్చిన తమిళ చట్టం తరువాత బడికి పోయిన పిల్ల. బడిలో మొదటి భాష తమిళం. తమిళం చక్కగా చదువుతుంది, తెలుగు అక్షరాలు రావు. దానికి మేము ఎవరి మీదో కోపం పెట్టుకున్నామే తప్ప, ఇంట్లో పలక పట్టింది లేదు. మేము చదివేటప్పుడు పాప ఒక మూల ఫోను చూస్తా ఉండేది. ఒకరోజు బడి లైబ్రరీ నుంచి కి. రాజనారాయణన్‌గారి 'గోపల్ల గ్రామం' తెచ్చింది. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన పెద్దమనిషి. ఆంధ్ర నుంచి దక్షిణానికి వలస పోయిన తెలుగువాళ్ల కత అది. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దీని తరువాతి భాగానికే. "అమ్మా, ఇది మన కతే" అని పాప తమిళంలో చదివి వినిపించింది. ఆ రోజు మేము విన్నాము, అవ్వ కూడా వినింది. అవ్వకు రెండు భాషలూ ఒకటే.

ఇప్పుడు పాప తెలుగు అక్షరాలు నేర్చుకుంటా ఉంది. గుణింతం కాడికి వచ్చింది, ఒత్తుల కాడ తడబడతా ఉంది. పరీక్షలు వస్తే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ఏడాదిలో పద్యాలు చదువుతుందని మేము చెప్పము. ఒక రోజు మాత్రం మాకు చెప్పకుండా అవ్వ పక్కన కూర్చుని వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటా, ఒక పేరా చదివింది. అయ్యేసరికి పావుగంట పట్టింది. అవ్వ ఒక్క మాట కూడా అందించకుండా కాచుకుని కూర్చుంది.

వచ్చే ఉగాదికి మమ్మల్ని మళ్లీ మాట్లాడమంటే మాట్లాడము. దాని బదులు ఒక కత చదువుతాము, అయిదు నిమిషాలది. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా బీరువా తెరిచి ఉంటుంది. ఒక పుస్తకం తీసుకుపోండి. సగంలో వదిలేసి తెచ్చిచ్చినా ఏమీ అనము. ఈ ఏడాది రిజిస్టరులో మొదటి పేరు మాదే. వచ్చి చూడండి.