గుండ్లన్నీ ఒకేలా ఉండే కొండ మీద

తిరుమలలో గోవిందనామం తర్వాత ఎక్కువగా చెవిన పడేది మైకు. ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా వారు ఎక్కడున్నా రావాలి, మీవాళ్లు ఎదురుచూస్తున్నారు అని తెలుగులో చెప్తారు. తర్వాత తమిళం, కన్నడం, హిందీ. రెండు మూడుసార్లు కొండకి వెళ్లొస్తే అది కూడా అలవాటైపోతుంది. లడ్డూ కవరు పట్టుకుని నడుస్తూ వింటాం, వదిలేస్తాం. మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది వచ్చే చోట ఎవరో ఒకరు తప్పిపోకుండా ఉంటారా? ఆ పేరు మనింటిది కానంతవరకూ అంతే.

మా అక్క కొడుక్కి మూడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామని కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సింది నేనే. కళ్యాణకట్టలో టోకెన్, బ్లేడు ఇచ్చి వరసలోకి పంపారు. పైసా తీసుకోరు. లోపల హాల్లో ఒక పిల్లాడు ఏడుపు మొదలుపెడితే మిగతా పిల్లలందరూ అందుకుంటారు. మావాడూ అందుకున్నాడు. నేను తల కదలకుండా పట్టుకుంటే, ఆయన నీళ్లు చల్లి, నాలుగు నిమిషాల్లో నున్నగా చేసేశాడు. ఎడమ చెవి వెనక మాత్రం ఒక్క క్షణం ఆగి బ్లేడు మెల్లగా తిప్పాడు. ఎందుకో నాకప్పుడు అర్థంకాలేదు.

బయటికొస్తే గంధం. ఆడా మగా, చిన్నా పెద్దా, అందరి తలలూ పసుపుపచ్చగా ఒకేలా ఉంటాయి. ఐఏఎస్ ఆఫీసరో, ఆటో డ్రైవరో పోల్చుకోలేం. చూడ్డానికి భలే ఉంటుంది, పిల్లాణ్ని వెతకనంతసేపు.

స్నానాల దగ్గర ఆడవాళ్లది ఒక వైపు, మగవాళ్లది ఒక వైపు. ఫోన్లన్నీ అమ్మ సంచిలో వేసి అందరం వెళ్లాం. బావ పిల్లాడికి స్నానం చేయించి, కొత్త పసుపు చొక్కా తొడిగి, తువ్వాలు కోసం పక్కకి తిరిగాడు. వాడు లేడు. అమ్మ దగ్గరికి పరిగెత్తాడనుకున్నాడు. అక్కేమో వాడు నాన్న దగ్గరే ఉన్నాడనుకుంది. ఇద్దరూ బయట కలుసుకుని ఒకరి చేతులొకరు చూసుకున్నారు. అక్క మొహంలో రంగు పోవడం నేను చూశాను. అరవలేదు. వాడి పేరు కూడా చాలా మెల్లగా పిలిచింది, గట్టిగా పిలిస్తే నిజమైపోతుందన్నట్టు.

బావ ఒక వైపు, నేను ఒక వైపు పరిగెత్తాం. మూడేళ్ల పిల్లాడు, గుండు, పసుపు చొక్కా. పది నిమిషాల్లో అలాంటివాళ్లు ఆరుగురు కనిపించారు. ఒకణ్ని భుజం పట్టి ఆపితే, వాళ్ల నాన్న నన్ను అనుమానంగా చూశాడు. తప్పేం లేదు, నేనైనా అలాగే చూస్తాను.

మెడలో కాషాయం కండువా ఉన్న శ్రీవారి సేవకురాలు ఒకావిడ కనిపిస్తే, నేను ఫోన్ తెరిచి ఫొటోలు చూపించాను. రెండు వందలుంటాయి. అన్నిట్లోనూ వాడికి భుజాల దాకా ఒత్తుగా జుట్టు, దానికో క్లిప్పు. ఆవిడ ఒక్కటి చూసి ఫోన్ నాకిచ్చేసింది.

"ఈ ఫొటోలు పనికిరావు బాబూ. గుండ్లన్నీ ఒకటే. ఒంటి మీద మచ్చ ఏదైనా ఉంటే చెప్పండి."

అక్కకి నోట మాట రాలేదు. అమ్మ చెప్పింది. ఏడాది పిల్లాడప్పుడు మంచం మీంచి పడితే ఎడమ చెవి వెనక మూడు కుట్లు పడ్డాయట. ఇన్నాళ్లూ జుట్టు కింద ఉన్నది ఆ పొద్దునే బయటపడింది.

వాడు దొరికింది బొమ్మల కొట్టు దగ్గర. ఒక తమిళ అవ్వ మురుకులిచ్చి కూర్చోబెట్టుకుని, అటుగా వచ్చిన సేవకులకి అప్పగించింది. అప్పటికే వాళ్ల దగ్గర ఇంకో గుండు పిల్లాడు ఉన్నాడు, వాడిదీ పసుపు చొక్కానే. చెవి వెనక మచ్చ చూసి మావాణ్ని అక్క చేతుల్లో పెట్టారు. మొత్తం పాతిక నిమిషాలు. వాడు ఏడవనే లేదు. మైకులో చెబుదామని వివరాలు అడిగారట.

"నాన్న పేరేంటి నాన్నా?"

"బావా."

అక్క ఆయన్ని అలాగే పిలుస్తుంది మరి. అమ్మ పేరు అమ్మ, ఊరు పేరు మా ఊరు. ఆ సమాధానాలతో మైకులో ఏం చెప్పగలరు?

ఈ కొండ మీద పిల్లల విషయంలో జాగ్రత్తలు ఊరికే రాలేదు. 2023 జూన్‌లో అలిపిరి మెట్లదారిలో చిరుత మూడేళ్ల బాబుని ఎత్తుకెళ్తే, జనం అరుపులకి వదిలేసి పారిపోయింది. బాబు బతికాడు. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాప బతకలేదు. ఆ తర్వాత 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటలు దాటాక నడకదారిలోకి రానివ్వలేదు. భక్తులకి చేతికర్రలు ఇచ్చారు. పోలీసులు పిల్లల చేతులకి పేరు, ఫోన్ నంబరు రాసిన ట్యాగులు కట్టారు. సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. ఆ దారిలో పిల్లలు మనకంటే ముందు పరిగెడతారు. ఎక్కడం వాళ్లకి ఆట.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నావుగా, బ్లూటూత్ ట్యాగ్ కొనిపెట్టు అని బావ నన్నడిగాడు. కొనొచ్చు. కానీ అది చుట్టుపక్కల ఉన్న ఫోన్ల మీద ఆధారపడి పనిచేస్తుంది, దర్శనం క్యూలోకి వెళ్లేముందు అందరం ఫోన్లు కౌంటర్లో ఇచ్చేయాలి. కింద బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో అయితే 1098కో 112కో ఫోన్ చేయొచ్చు. క్యూలో మాత్రం బాల్ పెన్నే గతి. అక్క వాడి ముంజేతి మీద నంబరు రాసింది, చెమటకి చెరిగితే మళ్లీ రాసింది.

వైకుంఠం కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు వేశాక అక్క మొదటిసారి వాణ్ని కిందికి దింపింది. తలుపు వేస్తే ఊపిరాడదని గొణిగే మనిషి, ఆ రోజు గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. పిల్లలకి పాలు వచ్చాయి. వాడు తాగుతుంటే పాఠం మొదలుపెట్టింది.

"నాన్న పేరేంటి?"

"బావా!"

పక్కన కూర్చున్న కర్నూలు పెద్దాయనకి నవ్వాగలేదు. నాలుగోసారికి చుట్టూ ఉన్న పిల్లలందరూ మా బావ పేరు గట్టిగా చెప్తున్నారు. మావాడు తప్ప.