తాబేలు నడవలేదు

వేసవి సెలవులకి సోంపేట వెళ్తే మేనల్లుడు లాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చున్నాడు. బారువ తీరంలో గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలుపిల్ల ఇసుక మీద నడిచి సముద్రంలో కలవాలి. జావాస్క్రిప్ట్‌లో ఈ ప్రోగ్రాం రాశాడు. "మావయ్యా, ఇది నడవనేదు. ఒక్కసారే నీళ్లలో ఉంది!"

లెక్కలో తప్పు లేదు. అడుగు ముందుకేసే లూప్, వందసార్లు. ఆ వందా వరసగానే జరిగాయి. కానీ స్క్రిప్టు పూర్తయ్యేదాకా బ్రౌజర్ తెర మీద బొమ్మ మార్చదు. దీపం ఆర్పేసి తోలుబొమ్మని వంద అడుగులు నడిపించి, అప్పుడు దీపం వెలిగించినట్టు! చూసేవాళ్లకి చివరి అడుగే మిగులుతుంది.

ఫ్లాష్‌లో యాక్షన్‌స్క్రిప్ట్ నేర్చుకునే రోజుల్లో నన్నూ ఇదే చిక్కు వారం పాటు పట్టుకుంది. అక్కడా ఫ్రేములోని స్క్రిప్టంతా ముగిశాకే తెర మారేది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి అడోబీ మద్దతు ఆగిపోయింది. ఈ పద్ధతి మాత్రం అలాగే ఉంది.

లూప్ తీయించి రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ పెట్టించాను. తెర మారే ప్రతిసారీ, మామూలుగా సెకనుకి 60 సార్లు, ఒక్కో అడుగు. అలల చప్పుడు ఇంకో కథ: ప్లే అన్న వరుస చప్పుడు మొదలవమని చెప్పి కిందికి పోతుంది, అది అయ్యేదాకా ఆగదు. ఆగాలంటే ఎండెడ్ ఈవెంట్ కోసం కాచుకోవాలి.

"కోడ్ పైనుంచి కిందికి నడుస్తుంది" అని పిల్లలకి చెప్పి వదిలేస్తున్నాం. దాని ఫలితం కంటికి ఎప్పుడు కనిపిస్తుందో కూడా మొదటిరోజే చెప్పాలి.

ఇప్పుడు తాబేలు నడుస్తోంది. జీడిపప్పు పొట్టు తీస్తూ అమ్మ అడిగింది, "దారిలో కాకులు ఎత్తుకుపోవేట్రా?"

వాడు కాకుల్ని రాస్తున్నాడు.