దాటేసిన చోట్లు

జనవరి 6

ఎదురింటమ్మాయి ఇవాళ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి. ఇంగ్లీషు పరీక్ష మార్చిలో. లెక్కలకీ ఫిజిక్సుకీ ఊళ్లో కోచింగులున్నాయి, ఇంగ్లీషు కథలకి ఎవరున్నారు, రిటైరైన నేను తప్ప?

కొత్తవాళ్లలో ఒకడు జేఈఈ కుర్రాడు. "ఇంగ్లీషు పాసైతే చాలు కదా మేడమ్" అన్నాడు వస్తూనే. మళ్లీ వాడే చెప్పాడు: ఎన్‌ఐటీలో సీటు రావాలంటే బోర్డు పరీక్షల్లో 75 శాతం తెచ్చుకోవాలట, ఇంగ్లీషు కూడా అందులో కలుస్తుందట, అందుకని నాన్నగారు పంపారట. దాపరికం లేని పిల్లాడు. నచ్చాడు.

పేపరు 80 మార్కులకి. అందులో సగం సాహిత్యమే, ఫ్లెమింగో, విస్టాస్ పుస్తకాల నుంచి. రెండు మార్కుల జవాబుకి 40 నుంచి 50 మాటలు, అయిదు మార్కులదానికి 120 నుంచి 150. ముగ్గురి సంచుల్లోనూ గైడులున్నాయి. పాఠ్యపుస్తకాలు ఎదురింటమ్మాయి ఒక్కతే తెచ్చింది. వాటికి ఇంకా కొత్త వాసన పోలేదు.

జనవరి 9

గైడులు సంచుల్లోంచి తియ్యొద్దన్నాను. 'ది రాట్‌ట్రాప్' కథని తెలుగులో చెప్పండి, పక్కింట్లో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పండి అన్నాను. జేఈఈ కుర్రాడు నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఎలకల బోన్లు అమ్ముకునేవాడొకడు, ఆశ్రయమిచ్చిన ముసలాయన డబ్బు కొట్టేశాడు, ఓ అమ్మాయి దయ చూపింది, మారిపోయాడు.

తప్పేమీ లేదు. కానీ ప్రశ్నలు తీసేది ఆ నాలుగు ముక్కల మధ్యలోంచే. డబ్బెక్కడుంది? కిటికీకి వేలాడుతున్న తోలుసంచిలో. వీడికెలా తెలిసింది? ముసలాయనే తీసి చూపించాడు, మూడు పది క్రోనార్ల నోట్లు. ఎందుకు చూపించాడు? ఇక్కడ ముగ్గురూ నోరు మూశారు. పుస్తకం తెరిపించాను. ఆవు పాలు పోసి కిందటి నెల ముప్పై క్రోనార్లు సంపాదించానంటే అతిథి నమ్మినట్టు కనబడలేదు, అందుకని లేచి వెళ్లి తెచ్చాడు. ఒంటరి మనిషి. మాట్లాడేందుకు ఒకడు దొరికాడని ఆ రాత్రి పొంగిపోయి ఉన్నాడు.

కథ తిరిగి చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కడ దాటేస్తారో, ప్రశ్న అక్కడే కాసుకుని ఉంటుంది. బళ్లో ఉన్నన్నాళ్లూ చూశాను. గైడులతో నా పేచీ కూడా అదే, కథలోని నీతి చెబుతాయి గానీ కథ చెప్పవు. 'మనిషిలోని సహజమైన మంచితనం' అన్న జవాబుని ఏ కథ కింద రాసినా సరిపోతుంది. అందుకే ఏ కథకీ సరిపోదు.

జనవరి 14

భోగి మంటలూ పండగ పిండివంటలూ. ఎవరూ రాలేదు, నేనూ రమ్మనలేదు.

జనవరి 19

'ది రాట్‌ట్రాప్' దొంగ చివర్లో 'కెప్టెన్ వాన్ స్టాలే' అని ఎందుకు సంతకం పెట్టాడు? ఎన్నేళ్లయినా పాతబడని ప్రశ్న.

"వాడు కెప్టెన్ కాదు కదా మేడమ్, చివరిదాకా మోసమే" అన్నాడు జేఈఈ కుర్రాడు. సరే, ఎవర్ని మోసం చేశాడు? వీణ్ణి చూసి తన పాత పటాలం స్నేహితుడు ఆ కెప్టెనే అని పొరబడిన ఇనుప కర్మాగారం యజమానికి నిజం అప్పటికే తెలిసిపోయింది. ఆయన కూతురు ఎడ్లాకీ తెలుసు. తెలిసి కూడా క్రిస్మస్ పండగపూట వీధిలోకి గెంటడానికి ఒప్పుకోలేదు, చుట్టం లాగే చూసింది. మరి ఆ పేరు చూసి మోసపోయేదెవరు?

కాసేపు పెన్ను కొరికాడు. "అయితే... ఆమె అలా చూసింది కాబట్టి అలా సంతకం పెట్టాడు" అన్నాడు. ఇదే రాయరా, రెండు మార్కులు. సెల్మా లాగర్‌లోఫ్ నోబెల్ సంగతి (1909, సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ) జవాబులో రాయక్కర్లేదని కూడా చెప్పాను. రచయిత గురించి రాస్తే మార్కులొస్తాయన్న భ్రమ వీళ్లకి ఎవరు ఎక్కించారో!

జనవరి 23

జేఈఈ కుర్రాడు పరీక్షకి వెళ్లాడు. అమ్మాయిలిద్దరే. సిలబస్ పక్కన పెట్టి చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివి వినిపించాను. విజయనగరంలో పుట్టిన పిల్లలు, వీళ్ల రెండో భాష హిందీ. చాసో పేరు వినలేదు. బడి మాన్పించిన కుర్రాడు ఆ బడి ముందునుంచే వెళ్లాల్సి వచ్చినచోట ఎదురింటమ్మాయి నన్ను ఆపి, అక్కడ మళ్లీ చదవమంది.

ఫిబ్రవరి 1

'ది ఎనిమీ'. ముగ్గురూ 'కర్తవ్యానికీ మానవత్వానికీ మధ్య సంఘర్షణ' అని రాసుకొచ్చారు, ఒకే గైడు కాబోలు. ఆ కాగితాలు పక్కనపెట్టి, పనిమనిషి యూమీ వైపునుంచి కథ చెప్పమన్నాను. ఎదురింటమ్మాయి చెప్పింది. శత్రువు ఒళ్లు నేనెందుకు కడగాలి, దొరసాని హానానే కడుక్కోనీ, రేపు పోలీసులొస్తే పోయేది మా ప్రాణాలు కూడా! బాగా తిట్టింది. యూమీ మీద కోపం తెచ్చుకోడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఇవాళ్టి మంచి మాట మాత్రం జేఈఈ కుర్రాడిది. "జనరల్‌ది దయ కాదు మేడమ్. తనకి ఆపరేషన్ కావాలి, డాక్టర్ సడావోని జైల్లో పెడితే ఎవరు చేస్తారు?" అవును. ఆ శత్రు ఖైదీని చంపడానికి హంతకుల్ని పంపిస్తానన్న సంగతి కూడా ఆయన తన జబ్బు ధ్యాసలో పడి మరిచిపోయాడు. ఖైదీ బతికిందీ అందుకే. పెద్ద ఆదర్శాల కథనుకుని చదివితే ఈ సంగతి చేజారిపోతుంది.

పెర్ల్ బక్ దీన్ని యుద్ధం నడుస్తుండగానే, 1942లో, అమెరికా పత్రిక కోసం రాసిందని చెప్పాను. జపాన్ డాక్టర్ని మంచివాడిగా చూపించినందుకు ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదా అని అడిగారు. ఆ అనుమానం వచ్చిందంటే కథ చదివినట్టే.

ఫిబ్రవరి 10

'ది టైగర్ కింగ్'కి అందరూ నవ్వారు, జవాబుల్లో ఆ నవ్వు ఆవగింజంత లేదు. అయిదు వరసల్లో మూడుసార్లు 'ఐరనీ'. ఆ మాట వాడకుండా రాయమన్నాను. రెండుంపావు అణాల కొయ్య పులి, అంత తక్కువ చెబితే శిక్ష పడుతుందన్న భయంతో మూడువందల రూపాయలన్న కొట్టువాడు, దాని పేడు గుచ్చుకుని చచ్చిపోయిన మహారాజు. ఇంతే రాస్తే దిద్దేవాళ్లకి వెటకారం వేరే చెప్పాలా? కల్కి తమిళంలో పొదుపుగా వేసిన వేళాకోళాన్ని మనవాళ్లు వ్యాసం చేసేస్తారు.

ఫిబ్రవరి 21

గడియారం పెట్టి రాయించాను. ఎదురింటమ్మాయి అయిదు మార్కుల జవాబు 220 మాటలయింది. కూర్చుని ఇద్దరం కోశాం. కథాసారం పోయింది, 'ఈ విధంగా' అంటూ మొదలైన చివరి పేరా పోయింది. ఒక్క వాక్యం దగ్గర ఒప్పుకోలేదు. ముసలాయన నోట్లు చూపించింది గొప్పకి కాదు, ఇంకాసేపు కబుర్లు సాగుతాయన్న ఆశతో, అని రాసింది. మార్కింగ్ స్కీములో అది ఉండదని నాకు తెలుసు. ఉంచుకోమన్నాను. దానికోసం వేరేచోట పన్నెండు మాటలు తీసేసింది.

జేఈఈ కుర్రాడు 118 మాటల్లో ముగించి, ఇంకో రెండు ఎక్కడ ఇరికించాలా అని వెతుకుతున్నాడు.