మూడొందల పది

మా నాయన ఏడో తరగతి తప్పినోడు. కృష్ణా జిల్లాలో ఒక పంచదార ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు ఎలక్ట్రికల్ సెక్షన్లో కాంట్రాక్టు హెల్పరుగా చేశాడు. హెల్పరు ఏం చెయ్యాలో ఏ కాయితం మీదా ఉండదు. కేబుల్ ట్రెంచిలో నీళ్ళు తోడాలి. అందులో చచ్చిన ఎలకల్ని తియ్యాలి. ప్యానెళ్ళలో బూజు దులపాలి, బ్రేకర్ల మసి తుడవాలి. పర్మినెంటు ఎలక్ట్రీషియన్లంతా ఊళ్ళోవాళ్ళు. హెల్పర్లు మా మాదిగపేట నుంచి, పక్కన మాలపల్లె నుంచి. ఈ రూలు ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు కూడా. ఊళ్ళోనైనా ఫ్యాక్టరీలోనైనా చచ్చినదాన్ని ఎత్తే పని మాదే. మా నాయన తుడిచిన బ్రేకరుని అందరూ ముట్టుకునేవాళ్ళు. క్యాంటీన్లో ఆయనకి మాత్రం ప్లాస్టిక్ గ్లాసు, తాగి పారెయ్యడానికి.

బ్రేకరంటే మన ఇళ్ళల్లో మీటరు పక్కనుండే చిన్న ఎం.సి.బి. అనుకోకండి. 800 ఆంపియర్ల ఎయిర్ బ్రేకరు కదలాలంటే ఇద్దరు పట్టాలి. లోపల స్ప్రింగు బిగించి ఉంటుంది. ఎక్కడన్నా షార్టయితే కంటిరెప్ప పాటులో కాంటాక్టులు విడిపోయి కరెంటుని తెంపెయ్యాలి. తెగేటప్పుడు లేచే మంటని పైన ఆర్క్ చూట్ అనే పెట్టె ముక్కలు చేసి చల్లారుస్తుంది. పదేళ్ళు ఊరికే కూర్చుని ఒక్క క్షణం పని చెయ్యాల్సిన వస్తువది. ఆ క్షణంలో చెయ్యకపోతే ముందు నిలబడ్డోడు పోతాడు. ముందు నిలబడేది హెల్పరే.

ఆ ఫ్యాక్టరీ ప్యానెళ్ళు 1970ల నాటివి. కొత్త బ్రేకరు కొనొచ్చు కదా అంటారేమో, కొత్తది పాత గూట్లో కూర్చోదు. బస్‌బార్ల ఎడం వేరు, జరిపే పట్టాలు వేరు. ప్యానెలంతా మార్చాలంటే లక్షలు. గానుగ మొదలయ్యాక ఆపితే గేటు బయట చెరుకు ఎండి తీపి చచ్చిపోతుంది. చేసిన కంపెనీల పేర్లు కూడా నిలవలేదు. ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంగ్లండులో 1968లోనే జీఈసీలో కలిసిపోయింది. మన ఎల్ అండ్ టీ బ్రేకర్ల వ్యాపారాన్ని 2020లో ష్నైడర్ కొనుక్కుంది. కంపెనీ పోయినా దాని బ్రేకరు నలభై ఏళ్ళు నడుస్తూనే ఉంటుంది. దానికి జత కావాలంటే ఎక్కడో మూతబడ్డ మిల్లు సామాన్లలో వెతకాలి.

అలా వెతకటానికి నాయన విజయవాడ ఆటోనగర్ వెళ్ళేవాడు. 2003 వేసవి నుంచి నేనూ వెంట వెళ్ళాను. నాయన అంకెలు చదవగలడు గానీ ఇంగ్లీషు అక్షరాలు తడబడతాయి. నేమ్ ప్లేటు మీదున్నది నేను నోటుబుక్కులో ఎక్కించాలి. పాతసామాన్ల కొట్టు సాయిబు నాకు స్టూలు వేసి, "రా బేటీ, కూర్చో" అనేవాడు. నాయనకీ ఆయనకీ ఒకే రకం గాజు గ్లాసుల్లో టీ వచ్చేది. ఇంత చిన్న సంగతి ఎందుకు రాస్తున్నానో ఈ పుస్తకం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ కొట్లలో బ్రేకరుకి ప్రాణగండం వెండి వల్ల. కాంటాక్టుల మీద వెండి కలిసిన బిళ్ళలుంటాయి. వెండి రేటు పెరిగితే బతికున్న బ్రేకర్లని కూడా విప్పి బిళ్ళలు ఊడదీసేవాళ్ళు. రాగి ఒక గుట్ట, ఇనుము ఒక గుట్ట. నాయన ముందుగా పోయి, "ఇది కొయ్యమాకండి, ఇది బతికే ఉంది" అని సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు.

బతికే ఉందని ఎట్లా తెలుస్తుంది? ముందు నేమ్ ప్లేటు మేకులు చూడాలి. పాత ప్లేటుకి కొత్త మేకులుంటే ఎవడో మార్చాడన్నమాట, ఆ సరుకు వద్దు. తర్వాత కాంటాక్టుల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాయితం పెట్టి బ్రేకరు వేసి లాగి చూడాలి. తేలిగ్గా వచ్చేస్తే అక్కడ పట్టు లేదు. తర్వాత మెగ్గర్. బ్రేకరు వేసి ఉంచి ఫేజుకీ ఫేజుకీ మధ్య, ఫేజుకీ బాడీకీ మధ్య చూడాలి. విప్పి ఉంచి పైకీ కిందకీ మధ్య చూడాలి. చేత్తో తిప్పే వెయ్యి వోల్టుల మెగ్గర్ని నాయన ఒకే వేగంతో నిమిషం పాటు తిప్పేవాడు. వందల మెగాఓములు రావాలి. ఒకటీ రెండూ చూపిస్తే తేమన్నా ఉండాలి, మసన్నా ఉండాలి.

ఫ్యాక్టరీకి చేరాక ఇంకో రెండు పరీక్షలు. ఒక్కో పోల్‌లో 100 ఆంపియర్ల డీసీ పంపి మైక్రో ఓముల్లో నిరోధం కొలవటం ఒకటి. అంకె ఎంతొచ్చిందన్నది తర్వాత, ముందు మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. తక్కువదాని మీద ఒకటి ఒకటిన్నర రెట్లు దాటిందంటే విప్పి చూడాల్సిందే. రెండోది ఇంజెక్షన్. రేటింగుకి మూడింతల కరెంటు పంపి ఎన్ని సెకన్లలో ట్రిప్పయిందో కంపెనీ గీతతో పోల్చటం. ఈ పరీక్షలన్నీ నాయన చేసేవాడు. రాత్రి ఇంట్లో చీటీ చూసి నేను రిపోర్టు రాసేదాన్ని. కింద సంతకం ఇంజినీరుది. నాయనకి వైర్‌మన్ పర్మిట్ లేదు, కాబట్టి ఆయన పరీక్ష చెయ్యనట్టే లెక్క.

2004 అక్టోబరులో, గానుగకి ముందు, 800 ఆంపియర్ల బ్రేకరొకటి వచ్చింది. నాయన చూసి తెచ్చింది కాదు, ఎవరో మధ్యవర్తి ద్వారా ఆఫీసువాళ్ళు కొన్నారు. ఆర్ ఫేజ్ 48, వై ఫేజ్ 52, బి ఫేజ్ 310. ఇంజినీరు చీటీ చూసి, "ఏరా, మీ అమ్మాయితో అరవై అని రాయించు" అన్నాడంట. నాయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. చీటీ నా ముందు పెట్టి, "ఉన్నది ఉన్నట్టు రాయవే తల్లీ" అన్నాడు. అమ్మ, "పని పోద్ది" అంది. నేను మూడొందల పది అని రాశాను. కొట్టేసి దిద్దటానికి కుదరకుండా అక్షరాల్లో కూడా రాశాను.

ఇంజినీరు ఇంకో రిపోర్టు రాసుకున్నాడు. బ్రేకరు ఎక్కింది. నాయన గేటు పాసు రెన్యువల్ కాలేదు. ఆ సీజనంతా నాయన వరికోతలకీ, మట్టిపనికీ పోయాడు. పదో తరగతి ఫీజు పిన్ని కట్టింది.

ఆ బ్రేకరు ఆ ఏడాది ఏమీ కాలేదు. "చూశావా, మాదిగోడు పొగరుకొద్దీ చెప్పాడు" అన్నారు. ఎందుకు కాలేదో ఇప్పుడు నేను చెప్పగలను. 2014 డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ టీచరుగా వచ్చిన దగ్గర్నుంచీ పదో తరగతికి ఇదే లెక్క చెప్తున్నాను. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుంది. 310 మైక్రో ఓముల్లో 800 ఆంపియర్లు పోతే 198 వాట్లు. మంచి పోల్‌లో అయితే 34 దాటదు. ఆ ఏడాది ఆ ఫీడరు మీద నాలుగొందలు మించి లోడు లేదు. సగం కరెంటుకి వేడి పావు వంతు, అంటే 50 వాట్లే. అందుకే తట్టుకుంది. నాయనకి ఈ సూత్రం రాదు. "లోడు పెరగనియ్, మాడిపోద్ది" అని మాత్రం అన్నాడు.

పెరిగింది. 2006లో ఆ ఫీడరుకి ఇంకో రెండు మోటార్లు కలిపారు. డిసెంబరులో ఒక రాత్రి బి ఫేజ్ కాలిపోయి గానుగ ఆగింది. ఆ టైములో ప్యానెల్ ముందు ఎవరూ లేరు. తెల్లారేసరికి మా పేటకి జీపొచ్చింది.

నాయన వెళ్ళాడు. ఇంటర్ చదువుతున్న నేను గొడవపడ్డాను. ఎందుకు పోవాలి, వాళ్ళ ఖర్మకి వాళ్ళని వదిలెయ్ అన్నాను. "బ్రేకరేం చేసిందే నన్ను?" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే.

అంబేడ్కర్ 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు దేశంలో కరెంటు వ్యవహారం కూడా ఆయన శాఖ కిందే ఉండేది. ఈ సంగతి నాకు బీఈడీలో తెలిసింది. ఇంటికొచ్చి చెప్తే నాయన కాసేపు ఊరుకుని, "అయితే మనోడికి మెగ్గర్ తెలిసే ఉంటది" అన్నాడు.

ఇప్పుడు ఆయనకి అరవై దాటాయి. ఫ్యాక్టరీ మానేశాడు. దగ్గుంది. పాత ఆర్క్ చూట్లలో కొన్నిటికి ఆస్బెస్టాస్ పలకలు వాడేవాళ్ళు, ఆయనేమో నోటితో ఊది దుమ్ము తీసేవాడు. ఎక్స్‌రే తీయిద్దామంటే దాటేస్తాడు. ఆటోనగర్ నుంచి ఫోనొస్తే మాత్రం చొక్కా వేసుకుంటాడు. 2006లో మళ్ళీ పనికి పోయేటప్పుడు ఆయన కూలి పెంచమని అడగలేదు. రిపోర్టుకి కార్బన్ కాపీ ఒకటి తనకివ్వాలన్నాడు. ఇచ్చారు. ఆ కాపీలు, నా చిన్నప్పటి నోటుబుక్కులు మా ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. ఈమధ్య పాలిటెక్నిక్ చదివే మా పేట కుర్రాడొకడు వచ్చి ఫోనుతో ఫోటోలు తీసుకుపోతున్నాడు.