టాకీ, మిత్సుహా, మా గ్యాస్ బండ

మొన్న వేసవి సెలవుల్లో ఒక రాత్రి మంచినీళ్ళ కోసం లేస్తే బుజ్జి గదిలో లైటు వెలుగుతోంది. టైము ఒకటిన్నర. తలుపు సందులోంచి చూద్దును కదా, చెవులకి హెడ్‌ఫోన్సు, ఒళ్ళో లాప్‌టాప్, కళ్ళనిండా నీళ్ళు! ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పూర్తయిన పిల్ల అర్ధరాత్రి ఒక్కర్తీ కూర్చుని ఏడుస్తుంటే తల్లికి ఏమేం అనుమానాలొస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మర్నాడు చెయ్యకూడని పని చేశాను. అది స్నానానికి వెళ్ళగానే లాప్‌టాప్ తెరిచాను. పాస్‌వర్డు నాకు తెలుసు, కొన్నప్పుడు పెట్టింది నేనే. తెర మీద ఒక బొమ్మ కుర్రాడు, ఒక బొమ్మ అమ్మాయి, మెట్ల మీద ఎదురెదురుగా. కింద రంగురంగుల ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఫైలు పేరు మాత్రం 'లవ్ ఫైనల్'. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే వెనక అలికిడి. బుజ్జి, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది.

"అడిగితే చూపించేదాన్ని కదమ్మా," అంది. అంతే. అరిచినా బాగుండేది. రెండ్రోజులు ఇంట్లో 'ఊఁ', 'వద్దు', 'తిన్నా' తప్ప మాటల్లేవు.

మూడోరోజు ఆవకాయ ముక్కలు తుడుస్తూ, "నేను చేసింది తప్పేనే. ఆ బొమ్మల కథేంటో చూపించవూ," అన్నాను. కాసేపు బెట్టు చేసి చివరికి లాప్‌టాప్ పట్టుకొచ్చింది.

దాన్ని ఏఎమ్‌వీ అంటారట. జపాన్ బొమ్మల సినిమాలోంచి దృశ్యాలు ముక్కలుగా కోసి, మనకి నచ్చిన పాటకి అతికించడం. ఇదేదో ఇప్పటి పిల్లల పిచ్చి అనుకున్నాను కానీ, 1982లోనే జిమ్ కపోస్టస్ అనే అమెరికా కుర్రాడు రెండు వీసీఆర్‌లు ఒకదానికొకటి తగిలించి మొదటిది చేశాడట. స్టార్ బ్లేజర్స్‌లోని యుద్ధం సీన్లు తీసుకుని బీటిల్స్ ప్రేమ పాటకి అతికించాడట, నవ్వుకోడానికి!

బుజ్జి తీసుకున్న సినిమా 'యువర్ నేమ్'. మకోటో షింకాయ్ అనే ఆయన తీశారు, 2016లో వచ్చింది. ముందు సినిమా చూడమంది. ముక్కలు తుడవడం పక్కన పెట్టి చూశాను. టోక్యో కుర్రాడు టాకీ, కొండల్లో పల్లెటూరి పిల్ల మిత్సుహా. కొన్ని రోజులు నిద్రలేచేసరికి అతను ఆమె అయిపోతాడు, ఆమె అతనైపోతుంది. ఒకరినొకరు చూసుకున్నదే లేదు. కథంతా చెప్పను, చూడనివాళ్ళుంటారు. చివర్లో నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి దాని ఏడుపు సినిమా కోసమేనా అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు. చెప్పాలనుకుంటే అదే చెబుతుందిలే.

దానికి అసలు చిక్కు పాట. ఏడు ఇంగ్లీషు పాటలు మార్చిందట, ఏదీ కుదరలేదు. "గీతాంజలిలో బాలూ, చిత్రా కలిసి పాడిన విషాదం పాట పెట్టి చూడు," అన్నాను. మా పెళ్ళయిన కొత్తలో రాత్రి బస్సు వీడియో కోచ్‌లో ఆ సినిమా వేస్తే, నేను నిద్రపోయాననుకుని మావారు చిన్నగా దాంతోపాటు పాడుకున్నారు. ఆ మాట బుజ్జికి చెప్పలేదనుకోండి. అది పెదవి విరుస్తూనే పెట్టింది. రెండు నిమిషాలు విని, "అమ్మా, ఈ లైనుకి అర్థమేంటి?" అంది. ఇంగ్లీషు మీడియం చదువులు! వేటూరిగారి మాటలు ఒక్కొక్కటీ విప్పి చెబుతూ కూర్చున్నాను.

ఆ పని చూస్తే జాలేసింది. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములట. ఒక్క ఫ్రేము ఎక్కువ ఉంచినా తరవాతి సీను తళుక్కుమని కంటికి తగులుతుంది. బొమ్మ పెదాలు కదులుతుంటే పాటకి కలవదు కాబట్టి వెనక్కి తిరిగినవీ, దూరంగా ఉన్నవీ ఏరుకోవాలి. కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డ ముక్క పనికిరాదు. నాకు కంప్యూటరు రాదు కానీ పాట వచ్చు కదా. ప్రతి దరువుకీ బొమ్మ మార్చేస్తుంటే, "ఆగవే, బాలూ ఇంకా మాట పూర్తి చెయ్యలేదు. ఊపిరి తీసుకున్నాక మార్చు," అన్నాను. మార్చి చూసి, ఏమీ అనకుండా మిగతా చోట్లా అలాగే సర్దింది.

గొడవ మాత్రం చరణాల మధ్య వచ్చే సంగీతం దగ్గర. అక్కడ తోకచుక్క, పరుగు, మెట్లు పెడతానంది బుజ్జి. నాకేమో ఫోను సీన్లు కావాలి. సినిమాలో వాళ్ళిద్దరూ ఒకరి ఫోన్లో ఒకరికి కబుర్లు రాసి పెట్టుకుంటారు. నా డబ్బులన్నీ తిండికి తగలేశావని అతను, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చోమని ఆమె. అన్నీ దెబ్బలాటలే. ఒకరోజు అతని కళ్ళముందే ఆ రాతలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోతాయి.

"అదేం రొమాంటిక్ అమ్మా? జపనీస్‌లో ఉంటాయి, చదవడానికి కూడా రావు," అంది.

ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను. మావారు బ్యాంకు బదిలీ మీద శ్రీకాకుళంలో ఉన్నారు, నాలుగేళ్ళయింది. రెండో శనివారం, నాలుగో శనివారం కాకినాడ వస్తారు. మిగతా కాపురమంతా వాట్సాప్‌లోనే. ఆ రాత్రి పడుకుని మా ఇద్దరి మెసేజీలు పైకి జరుపుతూ పోయాను. పాలవాడికి ఇచ్చావా. కరెంటు బిల్లు కట్టేశా. తిన్నారా. తిన్నా. గ్యాస్ బుక్ చేశాను. బుజ్జి ఫీజు ఆఖరి తేదీ 15. వెతగ్గా వెతగ్గా ఒకటి కనబడింది, రెండేళ్ళ కిందటిది, మధ్యాహ్నం మూడింటికి బ్యాంకులోంచి పెట్టింది. 'కాకినాడలో వాన అని చూపిస్తోంది. మేడ మీద బట్టలు తీశావా?'

శ్రీకాకుళంలో కూర్చుని కాకినాడ వాన చూసుకుంటున్నారన్న మాట. అప్పుడు నేను 'ఆఁ' అని పెట్టాను. అంతే!

పొద్దున్నే ఫోను బుజ్జి చేతికిచ్చి ఆ మెసేజీ చూపించాను. చదివి, నా మొహంలోకి ఒకసారి చూసి, ఫోను తిరిగి ఇచ్చేసింది. సాయంత్రానికి తోకచుక్క తీసేసి రాతలు పెట్టింది. వయొలిన్లు ఎత్తుకున్న చోట అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. దాన్ని పొగిడే ఓపిక కూడా లేకపోయింది నాకు.

యూట్యూబ్‌లో పెడితే పాట ఎవరిదో పసిగట్టి కాపీరైట్ అంటూ నోటీసు వచ్చింది. న్యాయమే, పాటా మనది కాదు, బొమ్మలూ మనవి కావు. తీసేసి స్నేహితులకి మాత్రం పంపుకుంది. నేను మావారికి పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, జవాబు లేదు. బుజ్జి నా భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉంది. అరగంటకి వచ్చింది.

'రెండోసారి చూస్తున్నా. బస్సులో పాట కదా. గ్యాస్ వచ్చిందా?'

వచ్చిందని పెట్టాను.