గాలికి వణకని చూపు

సూళ్లూరుపేటకు ఉత్తరాన, దొరవారిసత్రం మండలంలో ఉంది నేలపట్టు. 2022లో కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, అడిగితే ఊళ్లోవాళ్లు ఇప్పటికీ నెల్లూరనే చెబుతారు. 1976 నుంచీ ఇది పక్షి సంరక్షణ కేంద్రం. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువులోని కడప చెట్లు గూడబాతులతో, నత్తగుల్ల కొంగలతో, నీటికాకులతో నిండిపోతాయి. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని రైతుల నమ్మకం. అందుకే ఇక్కడ పక్షి జోలికి ఎవరూ పోరు.

రెండు బైనాక్యులర్లు పట్టుకెళ్లాను. ఒకటి నా పాత 8×42, రెండోది స్నేహితుడి దగ్గర తీసుకున్న కేనన్ 10×30, స్టెబిలైజర్ ఉన్నది. ఏది కొనాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చెరువు గట్టున నిలబడి చూస్తే తప్ప నేను జవాబు చెప్పలేను.

బొమ్మను పదిరెట్లు చేసే అద్దం చేతి వణుకునూ పదిరెట్లు చేస్తుంది. స్టెబిలైజర్ ఉన్న కేనన్‌లో మీట నొక్కితే చిన్న గైరో సెన్సర్లు ఆ వణుకును పసిగడతాయి. రెండు గాజు పలకల మధ్య ద్రవం నింపిన పట్టకం ఆ మేరకు వంగి, వెలుగును తిరిగి దారిలో పెడుతుంది. ఇదంతా రెండు చిన్న బ్యాటరీల మీద నడుస్తుంది.

నేలపట్టులో మాత్రం పాతదే గెలిచింది. గూళ్లు దగ్గర, చెట్ల కింద నీడ, పొద్దు వాలేవేళ వెలుగు తక్కువ. ముందు అద్దం వెడల్పు 42ను రెట్లు 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట అయిదు మిల్లీమీటర్ల పైమాటే; 10×30లో మూడే. ఎగిరే పక్షి వెంట తిప్పినప్పుడు స్టెబిలైజర్ బొమ్మ కాస్త వెనకబడి తేలినట్టుంటుంది, మీట వదిలేయాల్సిందే. కానీ కేనన్‌ను ఒక గూటి మీద నిలిపి మీట నొక్కాను. గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి మెడదాకా తల దూర్చి తింటోంది. తల్లి పైముక్కు వెంబడి వరసగా ఉన్న నీలపు చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనబడ్డాయి. అన్నేళ్లుగా చూస్తున్న పక్షిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టనిపించింది.

శ్రీహరికోట రోడ్డెక్కితే లెక్క తారుమారవుతుంది. అటకానితిప్ప దగ్గర పులికాట్ సరస్సు రెండువైపులా పరుచుకుని ఉంటుంది. ఆనుకోవడానికి చెట్టుండదు, సముద్రపు గాలి ఆగదు, రాజహంసలు ఎక్కడో దూరాన గులాబీ గీతలా ఉంటాయి. 8×42లో అది గీతే. 10×30లో మీట నొక్కగానే గీత పక్షులుగా విడిపోయింది: తల తలకిందులుగా నీళ్లలో ముంచి, బురద జల్లెడ పడుతూ. ముక్కు గులాబీ రంగు, కొస ఒక్కటే నలుపయితే పెద్ద రాజహంస. ముక్కంతా ముదురు రంగయితే చిన్న రాజహంస. చేయి వణికితే ఈ తేడా ఎప్పటికీ తేలదు. దూరంగా, గాలిలో, ఆగి ఉన్న పక్షిని చూడాలంటే స్టెబిలైజర్‌కు పెట్టిన డబ్బు దండగ కాదని నేను గట్టిగా చెప్పగలను.

పడవ సంగతి వేరు. భీములవారిపాళెం నుంచి ఇరకం దీవి వైపు వెళ్తుంటే, “సామీ, అంచు మీద కూర్చోబాకండి, మధ్యలోకి రాండి” అన్నాడు పడవతను. మధ్యలో కూర్చున్నాక నిజంగానే బొమ్మ కుదుటపడింది. కేనన్ సర్దేది చిన్న వణుకునే. పడవ ఊపుకు అయిదారు డిగ్రీలు తట్టుకునే ఫుజిఫిల్మ్ టెక్నోస్టాబి లాంటిది కావాలి. ఉప్పునీటి తుంపర పడే చోట 10×30కి రక్షణ లేదు. నీరు చొరని కేనన్ 10×42 ఎల్ కిలోకి పైనే తూగుతుంది, మెడలో వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు అది భారమే. ప్రయాణానికే ప్రాధాన్యమైతే అరకిలో లోపు తూగే కేనన్ 8×20 చాలు, తెల్లవారుజాము మసకలో పక్షి స్పష్టంగా కనబడదని ఒప్పుకుంటే.

ఒక్కదానికి మాత్రం ఏ స్టెబిలైజరూ మందు కాదు. పొద్దెక్కితే పులికాట్ మీద వేడి గాలి లేస్తుంది, రాజహంసల కాళ్లు నీళ్లలో కరిగిపోతున్నట్టు అల్లాడతాయి. ఆ కదలిక చేతిది కాదు, గాలిది. సూళ్లూరుపేటలో రాత్రి బస చేసి, ఎండ ముదరకముందే రోడ్డు మీదికి చేరుకోండి.