రంగూను బొంత

విశాఖపట్టణమున కంచరపాలెము చెంత బర్మాక్యాంపు అను పేట యొకటి కలదు. క్రొత్తవారు పేరు విని యిచ్చట సైనికు లుండిరేమో యని తలంతురు. సైనికులు కారు, మావంటి కాందిశీకులు. 1962లో బర్మాలో సైన్యము ప్రభుత్వమును కైవసము చేసికొనెను. 1964లో అంగళ్లు జాతీయము చేయబడెను. ఆ యేడే 50, 100 క్యాట్ల నోట్లు చెల్లకపోయెను. తాతల నాటినుండి యచ్చట నున్న తెలుగువారు వేలకొలది ఓడలెక్కి తిరిగివచ్చిరి. మనవారిని బర్మావారు కోరంగీలనుచుండిరి. కాకినాడ దరి కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరది. ఆ కోరంగిని మేము నేటికిని చూచి యెరుగము!

మేము 1965 వేసవిలో విశాఖ రేవున దిగితిమి. అప్పటికి మాకు ఏడేండ్లు, మా యక్కకు పదునొకండు. ఆ దినమును ఏటేట తలచుకొందుము. పండుగ యేమియు లేదు. అక్కయింట కూర్చుండి, అమ్మ కుట్టిన బొంతను దింపి, చినిగినచోట అతుకు వేయుదుము.

రంగూను రేవున పెట్టెలు విప్పించి అమ్మ చేతి బంగారు గాజులు తీసికొనిరి. సామానులకు చుట్టిన పాతబట్టల నెవ్వరును ముట్టలేదు. క్యాంపులో ఆ బట్టలతోనే అమ్మ బొంత కుట్టెను. సోదరీమణులకు బొంతపని క్రొత్త కాదు గాని, అమ్మ పద్ధతి చెప్పెదము. పైకిని క్రిందికిని మెత్తబడిన నూలు చీరెలు, నడుమ పాతగుడ్డలు. నేలపై పరచి, మూలల బిందెలు పెట్టి, ముడుతలు అరచేతితో అణచి, ముందుగా జానెడేసి పొడుగు కుట్లతో నిలుపవలెను. పిదప అంచు వెంబడి చుట్టును సన్నకుట్టు వేయుచు నడిమికి రావలెను. పట్టు పనికిరాదు, జారును.

ఈ యేడు పైచీరె బొత్తిగా జీర్ణించి, లోని పచ్చపూవుల గుడ్డ కనబడెను. అది అమ్మదే యని అక్క. కాదు, పొరుగింటి బర్మా యామెదని మేము. ఆమె పేరు జ్ఞప్తి లేదు. అమ్మ ఆమెను 'అమా' యని పిలుచుచుండెను. బర్మా భాషలో అక్కా యనుట. అది తెలియక ఆమె మా యమ్మమ్మ యనుకొంటిమి. ఉదయమున తనాకా చెక్కను సానపై అరగదీసి, ఆ గంధమును తన బిడ్డలతోపాటు మా బుగ్గలకును పూయుచుండెను. బయలుదేరిన నాడు ఆమె వచ్చి, తన లుంగీతో మా యిత్తడి దీపము చుట్టి యిచ్చినట్లు మాకు జ్ఞాపకము. రాలేదు, భయపడి తలుపు వేసికొన్నదని అక్క. అరువదియేండ్లుగా ఈ వాదు తెగలేదు.

ఈసారి అతుకు వేయక, కుట్లే విప్పితిమి. అమ్మ కుట్టు దగ్గరిది; ఒక మూలకే మధ్యాహ్నమంతయు పట్టెను. పచ్చగుడ్డ పైయంచున నల్లని నూలుపట్టీ బయటపడెను. నడుముకడ జారకుండ బర్మా స్త్రీలు తమ లుంగీకి ఇట్టి పట్టీ కుట్టుకొందురు. మగవారి లుంగీకి ఉండదు. అమ్మ జన్మమందు చీరె తప్ప కట్టి యెరుగదు.

అక్క ఆ పట్టీని వ్రేళ్లతో తడవుచు చాలసేపు కూర్చుండెను. "తలుపు వేసికొన్నది ఎదురింటివారేమో" అనెను.

క్రొత్త పైచీరె వేసితిమి గాని, పట్టీయున్న మూలను కప్పలేదు. ఇంకను రెండు వైపులు కుట్టవలసియున్నది. అక్కకు సూదిబెజ్జము కానరాదు. దారము మేమెక్కించి యిచ్చుచున్నాము.